బెజెల్ మార్చే ముందు అది దేన్ని పట్టుకుని ఉందో చూడాలి

చేతి గడియారంలో అద్దం చుట్టూ ఉండే రింగును బెజెల్ అంటారు. గోడకో తలుపుకో తగిలినప్పుడు ముందుగా దెబ్బ తినేదీ, గీతలు పడేదీ, ఉప్పుగాలికీ చెమటకూ వెలిసిపోయేదీ అదే. అందువల్ల లోపలి యంత్రం చక్కగా నడుస్తున్నా వాచీ పాతబడిపోయిందని అనిపించినప్పుడు చాలామంది చూపు మొదట దాని మీదికే పోతుంది. కొత్త బెజెళ్ళు, వాటిని ఊడదీసే పనిముట్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఇంటికే వచ్చేస్తున్నాయి. ఒక చిన్న వీడియోలో ఎవరో కత్తి అంచును సందులో దూర్చి, ఒక్క మెలిక తిప్పి, టక్కున పాత రింగు ఊడదీసి, బొటనవేళ్ళతో కొత్తదాన్ని నొక్కేయడం చూసినవారికి ఇది ఇంట్లో చేసుకోదగిన పనే అనిపిస్తుంది. కొన్ని వాచీల విషయంలో అది నిజమే. మరికొన్నిటి విషయంలో ఆ ఒక్క మెలికతోనే వాచీకి నీటి నుంచి ఉన్న రక్షణ పోతుంది. చిక్కేమిటంటే, ఈ రెండు రకాలూ బల్ల మీద పక్కపక్కన పెడితే ఒకేలా కనిపించవచ్చు.

కాబట్టి ఎలా తీయాలన్న ప్రశ్న కన్నా ముందు వేసుకోవలసిన ప్రశ్న మరొకటి ఉంది: ఈ రింగు దేన్ని పట్టుకుని ఉంది? విజయనగరం గంటస్తంభం పరిసరాల్లోనూ, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి వైపు వీధుల్లోనూ అద్దాల పెట్టె వెనక కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చునే పాత మెకానిక్కుల పని గమనిస్తే ఈ సంగతి అర్థమవుతుంది. బెజెల్ మార్చమని వాచీ చేతికిస్తే వారు వెంటనే కత్తి అందుకోరు. దీపం కింద వాచీని ఏటవాలుగా పట్టుకుని చుట్టూ తిప్పుతారు, రింగుకూ కేసుకూ మధ్య గోరు ఆనించి చూస్తారు, అద్దం అంచున తెల్లని ప్లాస్టిక్ గీత ఏమైనా కనిపిస్తుందేమోనని వెతుకుతారు. ఆ తర్వాతే "ఇది ఊడితే అద్దం కూడా వచ్చెస్తాది బాబూ, మరి నీళ్ళకి నాది పూచీ కాదు" అనో, "ఇది ఉత్త రింగే, మీరైనా మార్చుకోవచ్చు" అనో చెబుతారు. అసలు నిర్ణయమంతా ఆ చూపులోనే జరిగిపోతుంది, తర్వాతది చేతిపని మాత్రమే.

అద్దాన్ని పట్టుకునే రింగు

బెజెల్ మొదట అలంకారంగా పుట్టలేదు. 1926లో రోలెక్స్ సంస్థ తీసుకువచ్చిన ఆయిస్టర్ కేసులో బెజెల్‌ను సీసా మూతలా మరతిప్పి కేసుకు బిగించేవారు. దాని అంచు చుట్టూ ఉన్న సన్నని గాడులు బిగించే పనిముట్టుకు పట్టు దొరకడం కోసం పెట్టినవి. నీరు లోపలికి పోకుండా ఆపే గోడలో ఆ రింగు ఒక భాగం. తర్వాతి కాలంలో మరతిప్పే పద్ధతి పోయి, గాడులు మాత్రం అందం కోసం మిగిలాయి. అయినా అదే సంస్థ డేట్‌జస్ట్ వంటి వాచీల్లో బెజెల్ ఇప్పటికీ అద్దాన్ని పట్టి ఉంచే పని చేస్తూనే ఉంది. అద్దం అంచు చుట్టూ ఒక ప్లాస్టిక్ రింగు ఉంటుంది, దాని మీదికి లోహపు బెజెల్ ఎంతో బిగువుగా దిగుతుంది, ఆ ఒత్తిడికి ప్లాస్టిక్ నలిగి అటు అద్దానికీ ఇటు కేసుకూ సందు లేకుండా అదుముకుంటుంది. ఇలాంటి అమరికలో బెజెల్‌ను లేపితే ప్లాస్టిక్ మీది ఒత్తిడి పోతుంది, అద్దం వదులవుతుంది. అప్పటిదాకా నలిగి ఒక ఆకారానికి అలవాటు పడిన పాత ప్లాస్టిక్ రింగు మళ్ళీ అంతే గట్టిగా అదుముకుంటుందన్న నమ్మకం ఉండదు. అంటే బెజెల్ మార్చడం అనుకుని మొదలుపెట్టిన పని, అద్దం బిగించి నీటి పరీక్ష చేయడంతో గాని పూర్తికాదు.

1972లో అడెమార్ పిగే అనే స్విస్ సంస్థ తెచ్చిన రాయల్ ఓక్ వాచీలో ఎనిమిది మరలు బెజెల్ మీద బాహాటంగా కనిపిస్తాయి. పైనుంచి చూస్తే అవే మరలు అనిపించినా ఆరు పలకల ఆ తలలు తమ గుంటల్లో కదలకుండా కూర్చుంటాయి, తిప్పేది వెనక నుంచే. అవి బెజెల్‌నూ, రబ్బరునూ, కేసునూ కలిపి బిగిస్తాయి. ఆ రూపాన్ని అనుకరించే చవక వాచీలు మన బజార్లలో కొల్లలుగా దొరుకుతాయి. వాటిలో చాలావాటికి ఆ మరలు ఉత్త అచ్చు గుర్తులే, స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పబోతే బెజెల్ మీద గీత పడడం తప్ప మరేమీ జరగదు. కనిపించే మర పనిచేసే మర అని ముందే అనుకోకూడదు.

వెనక మూత తప్ప మరే అతుకూ లేకుండా కేసు, బెజెల్ ఒకే లోహపు ముక్కగా ఉండే వాచీలు కూడా చాలా ఉన్నాయి. భూతద్దంతో చూసినా రింగుకూ కేసుకూ మధ్య గీత కనిపించకపోతే అక్కడితో ప్రయత్నం మానుకోవడం మంచిది, ఎందుకంటే అక్కడ ఊడి వచ్చేది ఏదీ లేదు. స్మార్ట్ వాచీలలో తెర అద్దమూ చుట్టూ ఉన్న అంచూ సాధారణంగా జిగురుతో అతికి ఉంటాయి కనుక వాటి జోలికీ పోనవసరం లేదు.

తిరిగే రింగు

ఇక ఇంట్లో మార్చుకోవడానికి నిజంగా అనువైనది తిరిగే బెజెల్. దీన్ని గుర్తించడానికి పనిముట్టు కూడా అక్కరలేదు: బెజెల్ తిరుగుతూ అద్దం కదలకుండా ఉంటే, ఆ అద్దాన్ని పట్టుకున్నది కేసు. అది ఊడినా అద్దం తన చోట తాను ఉంటుంది, నీటిని ఆపే ఏర్పాటు చెక్కుచెదరదు. తిరిగే బెజెల్ కింద కూడా ఒక రబ్బరు లేదా ప్లాస్టిక్ రింగు తరచుగా కనిపిస్తుంది. దాన్ని చూసి కంగారు పడనవసరం లేదు. అది బెజెల్ ఊడిపోకుండా, మరీ వదులుగా తిరగకుండా ఉండడానికి పెట్టినదే తప్ప నీటిని ఆపేది కాదు.

నీటి అడుగున ఈదేవారి కోసం ఈ బెజెళ్ళు 1953 ప్రాంతంలో రూపుదిద్దుకున్నాయి. బ్లాంపాన్ సంస్థ ఫిఫ్టీ ఫాదమ్స్, రోలెక్స్ సబ్‌మెరైనర్ ఆ కాలానివే. నీటిలో దిగే క్షణాన బెజెల్ మీది సున్నా గుర్తును నిమిషాల ముల్లు ఎదురుగా పెట్టుకుంటే, తర్వాత ఎంతసేపు గడిచిందో ముల్లే చూపిస్తుంది. గాలి సిలిండరు మీద బతికే మనిషికి ఈ లెక్క తప్పితే ప్రాణం మీదికి వస్తుంది కనుక ఇప్పుడు ఇలాంటి బెజెళ్ళను సాధారణంగా ఎడమ వైపుకు, అంటే ముళ్ళు నడిచే దిశకు వ్యతిరేకంగా మాత్రమే తిరిగేలా చేస్తారు. పొరపాటున రాయికి తగిలి బెజెల్ జరిగినా గడిచిన సమయం అసలు కన్నా ఎక్కువగా చూపిస్తుందే గాని తక్కువగా చూపించదు, మనిషి కొంచెం ముందుగానే పైకి వస్తాడు. ఐఎస్‌ఓ 6425 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం డైవర్ వాచీ కనీసం 100 మీటర్ల లోతును తట్టుకోవాలి, సమయం గుర్తుపెట్టే ఈ ఏర్పాటు దానంతట అది తిరిగిపోకుండా రక్షణ ఉండాలి.

ఒకే వైపు తిరగడం, తిరిగినప్పుడు క్లిక్కుమనడం అనే రెండు పనులూ బెజెల్ కింద దాగిన ఒక చిన్న స్ప్రింగు మీద ఆధారపడి ఉన్నాయి. కొన్ని వాచీలలో అది నాలుకల్లాంటి వంపులున్న పలుచని రేకు రింగు. కొన్నిటిలో కేసు అంచున సూది బెజ్జమంత రంధ్రంలో ఒక స్ప్రింగు ముక్క, దాని మీద ఆవగింజ కన్నా చిన్న ఇనుప గుండు ఉంటాయి. ఇంట్లో బెజెల్ మార్చేవారిని ఎక్కువగా ఏడిపించేది బెజెల్ కాదు, ఈ స్ప్రింగే. రింగు టక్కున లేచిన క్షణంలో అది ఎగిరి ఎక్కడో పడుతుంది, అది లేకుండా కొత్త బెజెల్ పెడితే ఎటు పడితే అటు జారుతూ తిరుగుతుంది. రేకు రింగును తలకిందులుగా పెడితే నాలుకల వాలు మారి క్లిక్కు పోతుంది, లేదా బెజెల్ పట్టేస్తుంది. అందుకే బెజెల్ లేచిన వెంటనే, దేన్నీ కదపకముందే, ఫోనుతో దగ్గరగా ఒక ఫొటో తీసి ఉంచుకోవాలి.

కాసియో జీ షాక్ తరహా వాచీల బెజెల్ కథ వేరు. 1983లో వచ్చిన మొదటి జీ షాక్ నుంచీ దాని బయటి తొడుగు దెబ్బలు కాసే కవచం. చతురస్రపు మోడళ్ళలో బెల్టు విప్పి, పక్కల ఉన్న నాలుగు చిన్న మరలు తీస్తే ఆ తొడుగు లేచి వస్తుంది. నీటిని ఆపే రబ్బరు వెనక మూత దగ్గర ఉంటుంది కనుక దీనితో ఆ రక్షణకు సంబంధం లేదు. ఈ తొడుగులు పాలీయురేథేన్ జాతి ప్లాస్టిక్‌తో చేసినవి. గాలిలోని తేమ ఏళ్ళ తరబడి ఆ ప్లాస్టిక్ అణువుల బంధాలను తెంపుతుంది. వేడి, తేమ రెండూ ఎక్కువగా ఉన్న మన తీరంలో, అందులోనూ డ్రాయరులో మూసిపెట్టి మరిచిపోయిన వాచీలలో, తొడుగు జిగటగానో పెళుసుగానో మారి ముక్కలుగా రాలడానికి కారణం అదే. మరలు తీసేటప్పుడు స్క్రూడ్రైవర్ మొన గాడికి సరిగ్గా సరిపోవాలి. మర తల అరిగిపోతే తేలికైన పని కాస్తా డ్రిల్లు దాకా పోతుంది.

నిజంగా పాడైందా, పట్టేసిందా?

కొత్త బెజెల్ కొనే ముందు ఒక అనుమానం తీర్చుకోవాలి. కళింగపట్నం, బారువ, భావనపాడు, పూసపాటిరేగ దగ్గర చింతపల్లి తీరాలకు తరచూ పోయేవారి వాచీలలో బెజెల్ తిరగకపోవడానికి మామూలు కారణం అరుగుదల కాదు, కింద పేరుకున్న ఇసుకా ఉప్పూ. ఈ తీరపు ఇసుకలో ఇల్మనైట్, సిల్లిమనైట్‌తో పాటు గార్నెట్ కూడా ఉంది. గార్నెట్ అంటే సాన కాగితాల తయారీలో రాపిడి కోసం వాడే ఖనిజం. మామూలు ఇసుక రేణువులే, అంటే క్వార్ట్జ్, మోస్ గట్టిదనపు కొలమానంలో 7 దగ్గర ఉంటాయి, వాచీ అద్దాలలో మామూలుగా వాడే మినరల్ గ్లాసు అంతకన్నా మెత్తన, నీలం రాయి జాతికి చెందిన సఫైర్ అద్దం మాత్రమే 9 వద్ద ఉండి వాటిని తట్టుకుంటుంది. ఇక రంగు వేసిన అల్యూమినియం సంగతి చెప్పనే అక్కరలేదు. ఇసుక పట్టిన బెజెల్‌ను బలవంతంగా తిప్పితే ఆ రేణువులే లోపలి గాడులను కోసేస్తాయి.

ఇలాంటి వాచీకి కీ, అంటే టైము సర్దే పక్క బిరడా, గట్టిగా బిగించి ఉందని, నీటిని తట్టుకునే వాచీయేనని రూఢి చేసుకున్న తర్వాత, గోరువెచ్చని సబ్బు నీటిలో కొంతసేపు ఉంచి, మెత్తని పళ్ళ బ్రష్షుతో అంచు చుట్టూ రుద్ది, మంచినీటితో కడిగితే బెజెల్ తిరగడం మొదలుపెట్టడం మామూలే. సముద్రంలో దిగి వచ్చిన ప్రతిసారీ ఇలా కడిగే అలవాటు ఉన్నవారికి బెజెల్ మార్చే పని ఎప్పటికో గాని రాదు. వాచీ మీద 30 మీటర్లు అని ఉంటే మాత్రం ఈ పద్ధతి వద్దు. ఆ అంకె 3 బార్ల స్థిరమైన ఒత్తిడిని ప్రయోగశాలలో తట్టుకున్నదని చెబుతుందే తప్ప 30 మీటర్ల లోతుకు ఈత కొట్టవచ్చని కాదు. చేతులు కడుక్కునేటప్పుడు పడే తుంపరలకు మించి దాని మీద ఆశ పెట్టుకోకూడదు.

గుర్తులు వెలిసిపోవడం, గీతలు పడడం మాత్రమే సమస్య అయితే బెజెల్ మొత్తం మార్చడం కూడా అనవసరం కావచ్చు. చాలా డైవర్ వాచీలలో అంకెలు ఉండేది బెజెల్ మీద కాదు, దాని గాడిలో కూర్చునే పలుచని మరో రింగు మీద. దాన్ని ఇన్సర్ట్ అంటారు. అది అల్యూమినియంతో గాని సిరామిక్‌తో గాని చేస్తారు. అల్యూమినియం ఎండకు వెలుస్తుంది, గీతలు పడుతుంది, కాని వంగుతుంది గనుక పెట్టేటప్పుడు పగలదు. సిరామిక్ వెలవదు, గీత పడదు, కాని ఒక వైపు ఎక్కువ నొక్కితే పుటుక్కున విరుగుతుంది. రోలెక్స్ 2005లో జీఎంటీ మాస్టర్ 2లో సిరామిక్ ఇన్సర్ట్ పెట్టింది, ఇప్పుడు చవక వాచీలకు కూడా అవి దొరుకుతున్నాయి. వెలిసిన అల్యూమినియం ఇన్సర్ట్ ఉన్న పాత వాచీని అలాగే వాడుకోవడం నాకు ఇష్టం, కాని అది రుచికి సంబంధించిన మాట.

కొలతలు

బెజెల్ గాని ఇన్సర్ట్ గాని కొనేటప్పుడు వాచీ పేరు, మోడల్ నంబరు చెబితే చాలదు. ఒకే పేరుతో వచ్చిన మోడళ్ళలోనే కేసులు మారిపోతుంటాయి. ఇన్సర్ట్‌కు బయటి వ్యాసం, లోపలి వ్యాసం, మందం అనే మూడు కొలతలు కావాలి, పైగా అది చదునుగా ఉందా, లోపలికి వాలుగా ఉందా అన్నది కూడా చూడాలి. ఇవి స్కేలుతో తేలవు, వెర్నియర్ కాలిపర్ కావాలి. ఐటీఐలోనో లేతు పట్టే పనిలోనో ఉన్నవారికి ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు: బిగువుగా దిగవలసిన రింగు పదో వంతు మిల్లీమీటరు పెద్దదైతే కూర్చోదు, అంతే చిన్నదైతే నిలవదు. పాత ఇన్సర్ట్‌ను తీసి దాన్నే కొలవడం ఉత్తమం, కాని తీశాక కొత్తది వచ్చేదాకా వాచీ బోసిగా ఉంటుందని ముందే ఒప్పుకోవాలి.

తీయడం, పెట్టడం

పని మొదలుపెట్టే ముందు ఫ్యాను ఆపి, బల్ల మీద తెల్లని బట్ట పరిచి, బెల్టు విప్పేయాలి. బెల్టు ఉంటే వాచీ బల్ల మీద చదునుగా కూర్చోదు, కత్తి జారితే ముందు తెగేది చెయ్యే. కేసు పైభాగానికి, బెల్టు తగిలించే కొమ్ములకు చుట్టూ రెండు పొరల టేపు అంటించాలి. తర్వాత బెజెల్ అడుగు అంచును భూతద్దంతో చుట్టూ చూస్తే చాలా వాచీలలో ఒక చోట గోరు పట్టేంత చిన్న నొక్కు కనిపిస్తుంది. తయారుచేసినవారు దాన్ని పెట్టింది ఈ పనికే. అది లేకపోతే కీ ఉన్న వైపు వదిలేసి, కొమ్ముల మధ్య ఖాళీగా ఉన్న చోటు ఎంచుకోవాలి.

మొదట సన్నని గడ్డం బ్లేడు అంచును ఆ సందులోకి నెమ్మదిగా పంపాలి. ఇది లేపడానికి కాదు, సందు తెరవడానికి మాత్రమే. సందు తెరుచుకున్నాక వాచీ మూత తీసే మొద్దు కత్తిని అక్కడ పెట్టి, పైకి ఎత్తకుండా మెలితిప్పాలి. పైకి ఎత్తితే బలమంతా కేసు అంచు మీద ఒక బిందువు దగ్గర పడి అక్కడ గాటు పడుతుంది, మెలితిప్పితే కత్తి వెడల్పే రెండింటినీ వేరుచేస్తుంది. ఒక చోట జుట్టు వాసి లేచాక అక్కడే పట్టుపట్టకుండా చుట్టూ జరుగుతూ నాలుగైదు చోట్ల అదే పని చేయాలి. ఒకే వైపు నుంచి పూర్తిగా లేపితే లోపల పట్టుకుని ఉన్న తీగ వంగిపోతుంది. ఆ తీగ కేసు గాడిలో కూర్చుని బెజెల్‌ను పట్టే రకం వాచీలలో, అది వంగితే కొత్త బెజెల్ కూడా నిలవదు. సఫైర్ అద్దం పైన గీత పడకపోయినా అంచున కత్తి తగిలితే పెచ్చు లేస్తుంది కనుక కత్తి మొన ఎప్పుడూ అద్దం వైపు చూడకూడదు. చివరి మెలికకు ముందు వాచీనీ చేతులనూ ఒక పెద్ద పారదర్శక ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని పనిచేస్తే స్ప్రింగు ఎగిరినా సంచిలోనే ఉంటుంది. చూడడానికి నవ్వు వచ్చే ఏర్పాటే గాని, మొజాయిక్ నేల మీద ఇనుప గుండు కోసం టార్చిలైటు పట్టుకుని పాకడం కన్నా నయం.

పాత ఇన్సర్ట్ జిగురుతో అతికి ఉంటే, ఊడదీసిన బెజెల్‌ను జుట్టు ఆరబెట్టే యంత్రంతో వేడిచేసి, కింది నుంచి ప్లాస్టిక్ పుల్లతో చుట్టూ కొంచెం కొంచెంగా నెట్టాలి. కొత్తదాన్ని అతికించడానికి రెండు వైపులా అంటే పలుచని టేపు మేలు. సూపర్ గ్లూ రకం జిగురు నుంచి వెలువడే ఆవిరి దగ్గరలోని అద్దం మీద, నల్లని సిరామిక్ మీద తెల్లని మసకగా పేరుకుంటుంది. పైగా అతికిన తర్వాత సర్దుకునే వీలుండదు, ఆ వీలు ఎంత అవసరమో కింద చూస్తాం.

బెజెల్ కింది రబ్బరు రింగుకు వాచీల కోసం అమ్మే సిలికోన్ గ్రీజును కంటికి కనిపించీ కనిపించనంత పూయాలి. చేతికందిందని కొబ్బరి నూనెనో పెట్రోలియం జెల్లీనో పూయకూడదు. మొదటిది దుమ్మును పట్టి జిగటవుతుంది, రెండోది కొన్ని రకాల రబ్బరును ఉబ్బిస్తుంది. తిరిగి బిగించేటప్పుడు బెజెల్‌ను చదునుగా ఆనించి, ఎదురెదురు వైపుల రెండు బొటనవేళ్ళతో సమానంగా నొక్కితే చాలా డైవర్ వాచీలలో అది టక్కుమని కూర్చుంటుంది. వేళ్ళకు లొంగకపోతే సుత్తి తీయకూడదు. ప్రెస్సు అనే చిన్న పనిముట్టు ఉంది, దానికి నైలాన్ బిళ్ళలు వస్తాయి. బిళ్ళ లోపలి ఖాళీ అద్దం కన్నా పెద్దదిగా ఉండి, ఒత్తిడి బెజెల్ మీద మాత్రమే పడేలా ఎంచుకోవాలి. ఉబ్బెత్తు అద్దం ఉన్న వాచీని చదును బిళ్ళ కింద పెడితే ముందు తగిలేదీ పగిలేదీ అద్దమే.

గుర్తు నడిమికి రావడం

బెజెల్ మీది 12 దగ్గరి గుర్తు డయల్ మీది 12కు సరిగ్గా ఎదురుగా రాకపోతే వాచీ చూసిన ప్రతిసారీ కంటికి గుచ్చుకుంటుంది. ఇక్కడ రెండు వేర్వేరు కోణాలు కలుస్తాయని గుర్తిస్తే చిక్కు విడిపోతుంది. క్లిక్కులు బెజెల్‌ను ఎక్కడ ఆపుతాయన్నది ఒకటి, ఆ బెజెల్ మీద ఇన్సర్ట్ ఎలా కూర్చుందన్నది మరొకటి. 120 క్లిక్కుల బెజెల్‌లో ఒక క్లిక్కు 3 డిగ్రీలు, అంటే అర నిమిషం. 60 క్లిక్కుల దానిలో 6 డిగ్రీలు. ఇన్సర్ట్ ఒక డిగ్రీ పక్కకు అతికితే దాన్ని ఏ క్లిక్కూ సరిచేయలేదు, ఎందుకంటే క్లిక్కు జరిపేది మూడేసి డిగ్రీలే. అందువల్ల ముందు బెజెల్‌ను కేసు మీద బిగించి, క్లిక్కు దగ్గర ఆగనిచ్చి, ఆ తర్వాత టేపు పూర్తిగా అదమకుండా ఇన్సర్ట్ పెట్టి, ఒక కన్ను మూసి నిట్టనిలువుగా పైనుంచి చూస్తూ సర్దాలి. తల ఏ కొంచెం పక్కకు వాలినా, బెజెల్, డయల్ వేర్వేరు ఎత్తులలో ఉండడం వల్ల, సరిగ్గా ఉన్నది కూడా తప్పుగా కనిపిస్తుంది. సరిపోయిందనుకున్నాక కాసేపు పక్కన పెట్టి మళ్ళీ చూసి, అప్పుడే గట్టిగా అదమాలి.

వేగం కొలిచే టాకీమీటర్ బెజెల్ తిరగదు గనుక దాన్ని పెట్టేటప్పుడే కోణం కుదరాలి. 3600ను ఒక కిలోమీటరుకు పట్టిన సెకన్లతో భాగించడమే దాని సూత్రం. విజయనగరం నుంచి శ్రీకాకుళం రోడ్డు వైపు పోయే రైలులో కిటికీ దగ్గర కూర్చుని, విద్యుత్ స్తంభాల మీద రాసిన అంకెల్లో కిలోమీటరు అంకె మారిన చోటు నుంచి మళ్ళీ మారే చోటుదాకా 40 సెకన్లు పడితే ముల్లు 90 మీద ఆగుతుంది. బెజెల్ 3 డిగ్రీలు పక్కకు ఉంటే అక్కడ వచ్చే తేడా గంటకు ఒక కిలోమీటరు కన్నా కొంచెం ఎక్కువ మాత్రమే. కాబట్టి ఈ రకంలో వంకర కన్నుకు బాధే గాని లెక్కకు పెద్ద బాధ కాదు.

గల్ఫ్ టైము కోసం ఇన్సర్ట్ మార్చేవారికి

ఉద్దానం నుంచీ ఇతర ప్రాంతాల నుంచీ గల్ఫ్ దేశాలకు పనికి వెళ్ళినవారు, వారి ఇంటివారు రెండు చోట్ల సమయం ఒకే వాచీలో చూసుకోవాలనుకోవడం సహజం. అందుకు డైవర్ వాచీకి 24 గంటల ఇన్సర్ట్ తెప్పించుకుంటే నిరాశ తప్పదు. 24 గంటల అంకెలు పనికి రావాలంటే రోజుకు ఒక్కసారే చుట్టు తిరిగే నాలుగో ముల్లు కావాలి. అది ఉన్నా మరో అడ్డంకి ఉంది. కువైట్, సౌదీలకు మనకూ తేడా రెండున్నర గంటలు, దుబాయికి గంటన్నర. 24 క్లిక్కుల బెజెల్ గంట గంటకే ఆగుతుంది. 120 క్లిక్కులదానిలో 24 గంటలు పరిస్తే ఒక్కో క్లిక్కు 12 నిమిషాలవుతుంది, 150ని గాని 90ని గాని 12తో భాగిస్తే నిశ్శేషంగా పోదు. రెండూ మనకు అరక్లిక్కు దూరంలో ఆగిపోతాయి.

12 గంటల ఇన్సర్ట్ అయితే ఈ చిక్కే లేదు, నాలుగో ముల్లూ అక్కరలేదు. 120 క్లిక్కుల బెజెల్‌లో 12 గంటలు పరిస్తే ఒక్కో క్లిక్కు 6 నిమిషాలు. కువైట్‌లో ఉండి అక్కడి టైము పెట్టుకున్న మనిషి బెజెల్‌ను ఎడమకు 25 క్లిక్కులు తిప్పితే, గంటల ముల్లు ఎదురుగా ఇన్సర్ట్ మీద మన టైము కనిపిస్తుంది. దుబాయిలో ఉన్నవారికి 15 క్లిక్కులు చాలు. కువైట్‌లో సాయంత్రం అయిదున్నర అయినప్పుడు గంటల ముల్లు 5కూ 6కూ నడుమ ఉంటుంది, కువైట్ లెక్కకు అమర్చిన ఇన్సర్ట్ మీది 8 సరిగ్గా అక్కడికే వస్తుంది. ఇంటి దగ్గర ఉండి కువైట్ టైము చూడాలనుకునేవారు మాత్రం, బెజెల్ వెనక్కి తిరగదు కనుక, అదే ఎడమ వైపుకు 95 క్లిక్కులు తిప్పవలసి వస్తుంది. 60 క్లిక్కుల బెజెల్‌లో ఈ అమరిక కుదరదు. ఇన్సర్ట్ కొనే ముందు ఒక చుట్టుకు ఎన్ని క్లిక్కులో లెక్కపెట్టుకోవడం అందుకే.

పాత వాచీల విషయంలో ఒక హెచ్చరిక

తాతల నాటి దిగుమతి వాచీ ఏదైనా ఇంట్లో ఉండి, దాని బెజెల్ మీద చీకట్లో వెలిగే చుక్కలు గోధుమ రంగుకు తిరిగి ఉంటే, వాటిని గీకడం, సాన కాగితంతో రుద్దడం చేయకూడదు. 1960ల దాకా అలాంటి రంగులలో నిజమైన రేడియం వాడేవారు. రేడియం సగానికి తగ్గడానికి సుమారు 1600 ఏళ్ళు పడుతుంది. వెలుగునిచ్చే జింక్ సల్ఫైడ్ చచ్చిపోయి చుక్క ఆరిపోయినా రేడియం అక్కడే ఉంటుంది, ప్రమాదం దాని పొడి ఊపిరిలోకి పోవడంలో ఉంది. నేటి వాచీలలో వాడే స్ట్రాన్షియం అల్యూమినేట్ రంగులకు రేడియోధార్మికత లేదు.

అంతా అయ్యాక

తిరిగే బెజెల్ మాత్రమే మార్చినప్పుడు నీటి పరీక్ష తప్పనిసరి కాదు. అద్దం ఏ మాత్రం కదిలిందని అనుమానం వచ్చినా, లేదా బెజెల్ అద్దాన్ని పట్టే రకమని తెలిసీ ముందుకు పోయినా, ఒత్తిడి పరీక్ష యంత్రం ఉన్న దుకాణంలో చూపించేదాకా వాచీని నీటికి దూరంగా ఉంచాలి. ఇంట్లో ఆ ఒత్తిడి పరీక్ష చేయలేము గాని, లోపల తేమ చేరిందో లేదో మాత్రం తెలుసుకోవచ్చు. పరీక్షశాలల్లో వాచీని 40 నుంచి 45 డిగ్రీల వేడి పలక మీద ఉంచి, అద్దం మీద 18 నుంచి 25 డిగ్రీల నీటి చుక్క వేసి, ఒక నిమిషం తర్వాత తుడిచి చూస్తారు. లోపల తేమ ఉంటే చుక్క ఉన్న చోట అద్దం లోపలి వైపు మసక పడుతుంది. ఇంట్లో వాచీని కాసేపు గుప్పిట్లో వెచ్చబెట్టి, కుండలోని చల్లని నీటి చుక్క వేసి అదే గమనించవచ్చు. మసక కనిపిస్తే బియ్యం డబ్బాలో పెట్టి ఊరుకోకూడదు. బియ్యపు పిండి సందుల్లోకి పోవడం తప్ప లోపలి తేమ దానితో బయటికి రాదు. కీ బయటికి లాగి ఉంచి, అదే రోజు మెకానిక్ దగ్గరకు తీసుకుపోయి వెనక మూత తెరిపించి ఆరబెట్టించాలి.